ఉత్తరం అడుగున బొమ్మ: వేలిముద్ర నుంచి వెబ్‌ మెయిలు దాకా

ఈమెయిలు సర్దుబాట్లలో ‘సంతకం’ అనే చిన్న గడి ఒకటి ఉంటుంది. అందులో మన పేరు, హోదా, ఫోను నెంబరు ఒక్కసారి రాసి పెడితే చాలు, పంపే ప్రతి ఉత్తరం అడుగునా అవి వాటంతటవే వచ్చి చేరతాయి. ఆ గడి పక్కనే బొమ్మను సూచించే బుల్లి గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే సంస్థ చిహ్నాన్నో, మన ఫొటోనో, చేత్తో చేసిన సంతకం నకలునో అక్కడ అతికించవచ్చు. అర నిమిషం పని. అయితే ఈ అర నిమిషం పని వెనుక నూట ఏభై ఏళ్ళకు పైబడిన కథ ఉంది. రాతతోపాటు బొమ్మను ఎలా పంపాలి? పంపినా, ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలి? ఈ రెండు ప్రశ్నలూ కథ పొడవునా జంటగా నడుస్తాయి.

ఈ కథ చెప్పుకోవడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ కన్నా అనువైన ఊరు లేదు. రాత కింద బొమ్మను సాక్ష్యంగా నిలబెట్టే శాస్త్రం రూపు దిద్దుకున్నది బెంగాల్‌ గడ్డ మీదనే. మన దేశంలో ఈమెయిలు మొట్టమొదట అడుగుపెట్టిన కొద్ది చోట్లలో ఖరగ్‌పూర్‌ ఐఐటీ ఒకటి. ఇక ఈ రెంటి నడుమా, పరాయి లిపుల మధ్య తమ పేరు తెలుగులో రాసుకుంటూ వచ్చిన రైల్వే కుటుంబాలు ఇక్కడ తరాల తరబడి ఉన్నాయి.

రైలు తెచ్చిన తెలుగు

బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తూర్పు తీరం వెంట వాల్తేరు నుంచి కటక్‌ వైపు సాగే రైలుమార్గం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ చుట్టుపక్కల సంవత్సరాల్లోనే ఖరగ్‌పూర్‌ జంక్షను, దాన్ని ఆనుకుని ఇంజన్లనూ పెట్టెలనూ బాగుచేసే పెద్ద వర్క్‌షాపూ వెలిశాయి. ఇంకేముంది, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి జనం పని కోసం రైలెక్కారు. 1920ల చివర ఈ రైల్వే కార్మికుల సమ్మెను నడిపినవారిలో ముఖ్యుడు వరాహగిరి వెంకటగిరి. ఆయన తరువాత రాష్ట్రపతి అయిన సంగతి పాఠకులకు తెలిసిందే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్‌ తెలుగువారి సంఖ్య ఎలాంటిదో ఆ నిర్ణయమే చెబుతుంది.

ఆ తొలి తరాల్లో చదువు వచ్చినవారు తక్కువ. జీతాల రోజున పేరు రాయగలిగినవాడు సంతకం చేసేవాడు. రానివాడు ఎడమచేతి బొటనవేలిని సిరా ప్యాడు మీద అద్ది కాగితం మీద నొక్కేవాడు. ‘వాడొట్టి వేలిముద్రగాడు’ అనడం మనలో ఇప్పటికీ ఒక ఎగతాళి. కాని విజ్ఞానశాస్త్రం చెప్పేది వేరు. రుజువుగా చూస్తే సంతకం కన్నా వేలిముద్రే గట్టిది. సంతకాన్ని సాధన చేసి అనుకరించవచ్చు. వేలి కొసన ఉన్న గీతలు మనిషికీ మనిషికీ వేరు, పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా వాటి అమరిక మారదు. ఈ సంగతిని ప్రభుత్వపు పనిలో మొదట వాడి చూసినది కూడా బెంగాల్‌లోనే.

జంగీపూర్‌ కాంట్రాక్టు

1858 జులైలో, ముర్షిదాబాద్‌ ప్రాంతపు జంగీపూర్‌లో, విలియం హెర్షెల్‌ అనే యువ అధికారి రోడ్డు వేయడానికి కంకర తోలే పనిని రాజ్యధర్‌ కోనాయి అనే కాంట్రాక్టరుకు అప్పగించాడు. (ఈ హెర్షెల్‌ యురేనస్‌ గ్రహాన్ని కనిపెట్టిన ఖగోళ శాస్త్రజ్ఞుడి మునిమనుమడు కాదు, మనుమడి కొడుకూ కాదు, సాక్షాత్తూ ఆయన కొడుక్కి కొడుకు.) ఒప్పందాన్ని కోనాయి తన చేత్తోనే బెంగాలీలో రాసి ఇచ్చాడు. అయినా హెర్షెల్‌కు తృప్తి కలగలేదు. ‘ఈ రాత నాది కాదు’ అని రేపు ఇతడు బుకాయిస్తే? అందుకని ఆఫీసు ముద్రకు వాడే నూనె సిరాను కోనాయి అరచేతికి పూసి, కాగితం వెనుక వైపున ఒత్తించాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కోనాయి నిరక్షరాస్యుడు కాడు. రాయడం రానివాడికి బదులుగా కాక, రాసిన రాతకు తోడుగా ఆ చేతిగుర్తు వచ్చింది. మన ఈమెయిలు అడుగున చేరే బొమ్మకు దూరపు పూర్వీకుణ్ణి వెతికితే ఆ కాగితమే కనిపిస్తుంది. అయితే కోనాయి చెయ్యి కోనాయి దగ్గరే ఉంటుంది, దాన్ని మరొకడు వాడుకోలేడు. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి, దీని అవసరం ముందు ముందు పడుతుంది.

మొదట బెదిరింపుకోసం చేసిన ఈ పనిని హెర్షెల్‌ క్రమంగా పరిశీలనగా మార్చుకున్నాడు. ఏళ్ళ తరబడి తన వేలిముద్రలనే మళ్ళీ మళ్ళీ తీసి, అవి మారడం లేదని నిర్ధారించుకున్నాడు. 1877లో హుగ్లీ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు దస్తావేజుల రిజిస్ట్రేషనులోనూ, పెన్షన్ల చెల్లింపులోనూ వేలిముద్రలు ప్రవేశపెట్టాడు. పెన్షనుదారు చనిపోయాక ఇంకెవరో వచ్చి అతడి పేరున డబ్బు తీసుకుపోకుండా ఉండాలన్నది అక్కడి ఉద్దేశం.

తరువాతి చిక్కు వేరొకటి. వేలకొద్దీ ముద్రలు పోగుపడితే వాటిలో కావలసినదాన్ని వెతకడం ఎలా? సంతకమైతే పేరు ఉంటుంది, అకారాది క్రమంలో పేర్చవచ్చు. బొమ్మకు అకారాది ఏది? 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడేనాటికి దీనికి జవాబు దొరికింది. పోలీసు ఇన్‌స్పెక్టర్‌ జనరల్‌ ఎడ్వర్డ్‌ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్‌ హక్‌, హేమచంద్ర బోస్‌ దాన్ని సాధించారు. పది వేళ్ళలో ఒక్కొక్కదాన్ని చూసి ‘దీనిలో సుడి ఉందా, లేదా’ అని మాత్రమే అడగాలి. ఉంటే ఒక విలువ, లేకపోతే సున్నా. పది ప్రశ్నలకు అవును, కాదు అనే జవాబులు మొత్తం 1024 రకాలుగా రావచ్చు. అందుకని అడ్డంగా 32, నిలువుగా 32 గూళ్ళున్న బీరువా సరిపోతుంది. ఏ కాగితం ఏ గూట్లో ఉండాలో లెక్క చెబుతుంది.

కంప్యూటరు పరిచయమున్నవారికి 1024 అనగానే ఏదో తట్టాలి. అవును, పది బిట్లు. బిట్‌ అనే మాట పుట్టడానికి యాభై ఏళ్ళ ముందే కలకత్తాలో ఇద్దరు పోలీసు ఉద్యోగులు మనిషి చేతి బొమ్మను పది బిట్ల సంఖ్యగా మార్చారు. పద్ధతికి మాత్రం పై అధికారి హెన్రీ పేరే నిలిచింది. లెక్క కట్టినవారి పేర్లు చాలాకాలం మరుగునే ఉండిపోయాయి.

బోస్‌ మరో అడుగు ముందుకు వేశాడు. దూరపు ఊళ్ళో దొరికిన వేలిముద్ర వివరాన్ని కలకత్తాకు వెంటనే తెలపాలంటే తంతి ఒక్కటే దారి. తంతి మీద బొమ్మ పోదు, అక్షరాలే పోతాయి. కనుక ముద్రలోని ఆకృతినీ గీతల లెక్కనూ అక్షరాలుగా మార్చే సంకేత పద్ధతిని తయారుచేశాడు. దానిమీద ఆయన పుస్తకం 1916లో కలకత్తాలో అచ్చయింది. చిత్రంగా హెర్షెల్‌ తన అనుభవాలను పుస్తకంగా వేసిందీ అదే సంవత్సరం. బోస్‌ సంకేతం నుంచి అసలు బొమ్మను తిరిగి గీయలేము, పోల్చి గుర్తించడానికే అది పనికివస్తుంది. ‘బొమ్మను అక్షరాలుగా మార్చు, తీగ మీద పంపు’ అనే ఉపాయం మాత్రం అక్కడ స్పష్టంగా ఉంది. ఈనాటి ఈమెయిలు చేసేది సరిగ్గా ఈ పనే.

చిన్నగేజి మీద పెద్ద సరుకు

ఖరగ్‌పూర్‌ నుంచి సొంతూరికి వెళ్ళే తెలుగు కుటుంబాలు శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ స్టేషను మీదుగా పోతాయి. అక్కడి నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు మొదలై, తరువాత గుణుపురం దాకా సాగింది. మెయిన్‌ లైను వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు, చిన్న రైలుది 2 అడుగుల 6 అంగుళాలు. పెద్ద వ్యాగను చిన్న పట్టాల మీద నడవదు గదా. సరుకంతా దింపి, చిన్న పెట్టెల్లోకి సర్ది ఎక్కించాలి. బరువు మారదు గాని పెట్టెల సంఖ్య పెరుగుతుంది, కూలి పెరుగుతుంది. దరిమిలా ఆ మార్గమంతా బ్రాడ్‌గేజి అయింది గాని, ఈమెయిలులో మాత్రం ఈ దింపుడు ఎక్కుడు నేటికీ జరుగుతూనే ఉంది.

1971లో రే టామ్లిన్సన్‌ ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి ఉత్తరం పంపినప్పుడు గాని, 1982లో జాన్‌ పోస్టెల్‌ ఈమెయిలు రవాణా నియమాలు రాసినప్పుడు గాని, వారి మనసులో ఉన్నది ఇంగ్లీషు రాత ఒక్కటే. ఆ రాతకు ఏడు బిట్ల సంకేతం చాలు. ఏడు బిట్లతో 128 గుర్తులు వస్తాయి: పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, యంత్రానికి చెప్పే కొన్ని ఆదేశాలు. బొమ్మ అలా కాదు. దానిలోని ఒక్కొక్క బైటు ఎనిమిది బిట్లది, 0 నుంచి 255 దాకా ఏ విలువైనా ఉండవచ్చు. దారిలోని పాత యంత్రాలు ఎనిమిదో బిట్టును నిర్దాక్షిణ్యంగా చెరిపేసేవి. రాతకు నష్టం లేదు. బొమ్మ మాత్రం గుర్తుపట్టలేనంతగా ఛిద్రమయ్యేది.

1996లో వచ్చిన పీఎన్‌జీ అనే బొమ్మల పద్ధతిలో ప్రతి ఫైలూ 137 అనే విలువతో మొదలవుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు. దారిలో ఎనిమిదో బిట్టు పోతే 137 కాస్తా 9 అవుతుంది. బొమ్మ తెరవబోయే ప్రోగ్రాము మొదటి బైటు చూడగానే ‘సరుకు దారిలో దెబ్బతిన్నది’ అని పసిగడుతుంది. గాజు సామాను పెట్టెకు సీలు వేసినట్టన్నమాట.

ఇరుకు దారిలో బొమ్మను క్షేమంగా పంపే మార్గాల్లో ఒకదాన్ని 1980లో బర్క్‌లీలో మేరీ ఆన్‌ హోర్టన్‌ చూపింది. అందరూ ఒప్పుకున్న ఏర్పాటు మాత్రం 1992లో వచ్చింది. నథానియల్‌ బోరెన్‌స్టీన్‌, నెడ్‌ ఫ్రీడ్‌ అనే ఇద్దరు రూపొందించిన ‘మైమ్‌’ నియమాలు అవి. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్‌ పంపిన ఉత్తరంలో తాను కూడా సభ్యుడైన నలుగురి పాటబృందం ఫొటో, వారి పాట ఉన్నాయి. ఈమెయిలులో బొమ్మ ఎవరికి కావాలి అని అడిగినవారికి, ‘రేపు నాకు మనవలు పుడితే వాళ్ళ ఫొటోలు చూసుకోవద్దా’ అన్న అర్థంలో ఆయన జవాబిచ్చేవాడట.

ఇంతకీ బొమ్మ అక్షరాలుగా ఎలా మారుతుంది? ఎక్కడా దెబ్బతినని 64 గుర్తులను ఎన్నుకున్నారు: 26 పెద్దబడి అక్షరాలు, 26 చిన్నబడి అక్షరాలు, 10 అంకెలు, మరో రెండు చిహ్నాలు. 64 గుర్తులను చెప్పడానికి ఆరు బిట్లు కావాలి. బొమ్మలోని మూడు బైట్లను, అంటే 24 బిట్లను పక్కపక్కన పేర్చి, ఆరేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేస్తారు. జీఐఎఫ్‌ అనే పద్ధతి బొమ్మ ఏదైనా జి, ఐ, ఎఫ్‌ అనే మూడు అక్షరాలతోనే మొదలవుతుంది. వాటి విలువలు 71, 73, 70. ఈ మూడింటిని ముక్కలు చేస్తే 17, 52, 37, 6 వస్తాయి. పట్టికలో చూస్తే అవి వరుసగా పెద్దబడి ఆర్‌, సున్నా, చిన్నబడి ఎల్‌, పెద్దబడి జి. ఉత్తరం అడుగున ఆర్‌, సున్నా, ఎల్‌, జి అంటూ మొదలై వందల వరుసలు సాగే పిచ్చి అక్షరాలను పాతకాలపు మెయిలు వాడినవారు చూసే ఉంటారు. అది పిచ్చి కాదు, దింపుకోని సరుకు.

మూడు బైట్లు నాలుగు అవుతున్నాయి గనుక బరువు మూడో వంతు పెరుగుతుంది. ఇది ఇప్పుడు లెక్కలోకి రాదు గాని, అప్పట్లో చాలా పెద్ద విషయం. మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థలను కలిపే ఎర్నెట్‌ పథకం 1986లో ఎలక్ట్రానిక్స్‌ శాఖ ఆధ్వర్యంలో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలైంది. తొలి భాగస్వాములు ఎనిమిది: ఎలక్ట్రానిక్స్‌ శాఖ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్‌ కేంద్రం, బెంగుళూరు విజ్ఞాన సంస్థ, అప్పటి ఐదు ఐఐటీలు. ఖరగ్‌పూర్‌ వాటిలో ఒకటి. 1989లో బొంబాయి నుంచి అమెరికాకు వేసిన అద్దె లైను వేగం సెకనుకు 9600 బిట్లు. ఆ లైను మీద రెండు వేల అక్షరాల ఉత్తరానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అదే 20 వేల బైట్ల చిన్న బొమ్మ, అక్షరాలుగా మారి బయల్దేరితే, 22 సెకన్ల పాటు లైనంతా దానిదే. దేశంలోని పరిశోధకులందరూ పంచుకునే దారిలో, ప్రతి ఉత్తరం కిందా తన ఫొటో అంటించుకునేవాణ్ణి తోటివారు ఏమనుకుంటారో వేరే చెప్పాలా?

నాలుగు వరుసల మర్యాద

అందుకే ఆ కాలపు నెట్‌ సమాజంలో సంతకానికి ఒక కట్టుబాటు ఉండేది. ఉత్తరం ముగిశాక రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ. ఆ కింద నాలుగు వరుసలు మించకుండా పేరూ ఊరూ. 1995లో వెలువడిన నెట్‌ మర్యాదల పత్రంలో కూడా ఈ నాలుగు వరుసల మాట ఉంది. మనిషి ఊరుకుంటాడా! ఆ నాలుగు వరుసల్లోనే చుక్కలు, గీతలు, కుండలీకరణాలు పేర్చి పడవలూ పిల్లులూ గీశారు. మరికొందరు ఉత్తరపు శీర్షభాగంలో ఎవరికీ కనిపించని చోట తమ ముఖాన్ని దాచిపెట్టారు. జేమ్స్‌ యాష్టన్‌ 1980ల చివరలో చేసిన కుదింపు పద్ధతి ఇందుకు ఉపయోగపడింది. అడ్డంగా 48, నిలువుగా 48 చుక్కల నలుపు తెలుపు ముఖం మొత్తం 2304 బిట్లు, అంటే 288 బైట్లు. కుదిస్తే ఇంకా చిన్నది. తపాలా బిళ్ళంత మొహమే గాని, ఉత్తరం తెరిస్తే మనిషి కనబడేవాడు.

ఇంగ్లీషువాడికి బొమ్మ ఒక సరదా. తెలుగువాడికి అది అవసరమైంది. తన పేరును తన లిపిలో చూపాలంటే వేరే దారి లేకపోవడమే కారణం. ఏడు బిట్ల దారిలో ‘అ’ పోదు. మన దేశంలో 1991లో ప్రమాణంగా స్వీకరించిన ఇస్కీ సంకేతంలో భారతీయ లిపుల అక్షరాలు పై 128 స్థానాల్లో ఉన్నాయి. ఎనిమిదో బిట్టు రాలిపోతే ఆ అక్షరాలన్నీ అర్థంలేని రోమను అక్షరాలై కూర్చునేవి. అమెరికాలోని రైస్‌ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్‌ పద్ధతి దీనికి చక్కని విరుగుడు. రోమను అక్షరాల్లో ఒక క్రమం ప్రకారం తెలుగు రాస్తే, అందుకున్నవారి దగ్గర ప్రోగ్రాము దాన్ని తెలుగు అచ్చులోకి తిప్పుతుంది. 1990లలో నెట్‌ మీది తెలుగు చర్చలెన్నో ఆ రాతలోనే సాగాయి. ప్రోగ్రాము లేనివారు రోమను తెలుగునే చదువుకునేవారు.

తరువాత ఫాంట్ల యుగం వచ్చింది. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, ఒకదానితో రాసినది మరొకదానిలో కనపడదు. అనువాదం చేసుకుని బతికే మాబోటివారికి ఆ రోజులు బాగా గుర్తు. కష్టపడి తెలుగులో కూర్చి పంపిన వ్యాసం అవతల ప్రశ్నార్థకాల బారుగా తేలేది, చివరకు అచ్చు తీసి పోస్టులో వేయవలసి వచ్చేది. పేరు మాత్రం తెలుగులో కనిపించి తీరాలంటే ఒకటే ఉపాయం. తెలుగులో పేరు రాసి, దాన్ని బొమ్మగా మార్చి, ఉత్తరం అడుగున అతికించడమే. బొమ్మకు ఫాంటుతో పని లేదు.

యూనికోడ్‌ తొలి రూపం 1991లో వచ్చినప్పుడే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ఒకప్పుడు ఇంగ్లీషుకు మొత్తం ప్రపంచమైన 128 స్థానాలు! కాని సంకేతం ఉంటే చాలదు, దాన్ని చూపే ఫాంటు, అమర్చే ప్రోగ్రాము ప్రతి కంప్యూటరులోనూ ఉండాలి. 2001లో విండోస్‌ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చాక గాని మామూలు వాడుకరికి అది అందలేదు. ఇప్పుడు ‘తెలుగు’ అనే మాట పంపాలంటే ఆరు సంకేతాలు, ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు; పైన చెప్పిన దింపుడు ఎక్కుడు తరువాత 24 అక్షరాలు. అదే మాట బొమ్మగా అయితే వేల బైట్లు. పైగా బొమ్మలోని పేరును వెతికితే దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే ప్రోగ్రాముకు అది పేరని తెలియనే తెలియదు. కనుక ఇవాళ పేరును అక్షరాల్లోనే రాయడం మేలు. బొమ్మను చిహ్నానికో ఫొటోకో వదిలేసి, దానికి కూడా మాటల్లో ఒక వివరణ జత చేయాలి.

బ్రేక్‌వ్యానా, క్లోక్‌రూమా?

1996 జులై 4న సబీర్‌ భాటియా, జాక్‌ స్మిత్‌ ప్రారంభించిన హాట్‌మెయిలు ఈమెయిలును సొంత కంప్యూటరు నుంచి విడదీసి వెబ్‌ పేజీలోకి తెచ్చింది. ఎక్కడి ఇంటర్నెట్‌ కేంద్రంలోనైనా కూర్చుని మన పెట్టె తెరుచుకోవచ్చు. అది పంపే ప్రతి ఉత్తరం అడుగునా ‘మీరూ ఉచితంగా ఈమెయిలు తీసుకోండి’ అనే వరుస ఒకటి చేరేది. సంతకపు స్థలాన్ని కంపెనీ తన ప్రకటనకు వాడుకుందన్నమాట. ప్రచారం ఖర్చు లేకుండానే వాడుకరులు లక్షల్లో చేరారు. 2004 ఏప్రిల్‌ 1న జిమెయిలు వచ్చింది. అదే సంవత్సరం గూగుల్‌లో చేరి తరువాత దాని అధిపతి అయిన సుందర్‌ పిచాయ్‌ ఖరగ్‌పూర్‌ ఐఐటీలోనే మెటలర్జీ చదివాడు. ఇది ఊరి ముచ్చట మాత్రమే. జిమెయిలు సంతకంలో రంగులకూ బొమ్మలకూ చోటు దొరికింది 2010 జులైలో. అంతదాకా అక్కడ ఉత్త అక్షరాలే.

సంతకంలో బొమ్మ పెట్టినప్పుడు నిజానికి రెండు రకాలుగా జరగవచ్చు. రైల్వే ఊరివారికి సులభంగా అర్థమయ్యే పోలిక చెబుతాను. సామానును అదే రైలుకు బ్రేక్‌వ్యానులో వేసి పంపడం ఒక పద్ధతి. బొమ్మ అక్షరాలుగా మారి ఉత్తరంతోపాటే ప్రయాణిస్తుంది. ‘ఫలానా నెంబరు సామాను ఇక్కడ దించాలి’ అనే చీటీ ఉత్తరంలో ఉంటుంది. ఈ చీటీల నియమాలు 1990ల నడుమ, చివర కుదురుకున్నాయి. ఇందులో బొమ్మ తప్పకుండా చేరుతుంది గాని ఉత్తరం బరువెక్కుతుంది. ప్రతి జవాబుకూ సంతకం మళ్ళీ మళ్ళీ చేరితే, పదిహేను ఉత్తరాలు ఇటూ అటూ తిరిగేసరికి మన 20 వేల బైట్ల బొమ్మ నాలుగు లక్షల బైట్లు మోయిస్తుంది.

రెండోది సామానును క్లోక్‌రూములో ఉంచి రసీదు మాత్రమే పంపడం. బొమ్మ ఎక్కడో ఒక సర్వరులో ఉంటుంది. ఉత్తరంలో ఉండేది దాని చిరునామా. అందుకున్నవారు ఉత్తరం తెరిచినప్పుడు వారి కంప్యూటరు వెళ్ళి బొమ్మను తెచ్చుకుంటుంది. ఉత్తరం తేలిక. కాని క్లోక్‌రూము గుమాస్తాకు ఒక సంగతి తెలిసిపోతుంది: రసీదు పట్టుకుని ఎవరు, ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి వచ్చారో. ప్రకటనల వ్యాపారులు దీన్ని బాగా వాడుకున్నారు. కంటికి కనపడని ఒక్క చుక్కంత బొమ్మను ఉత్తరంలో పెడితే చాలు, మీరు ఆ ఉత్తరం తెరిచారని వారికి కబురు అందుతుంది. అందుకే చాలా మెయిలు ప్రోగ్రాములు అపరిచితుల బొమ్మలను మనం ఒప్పుకుంటే తప్ప చూపవు. జిమెయిలు 2013 డిసెంబరు నుంచి తన సర్వర్ల ద్వారానే బొమ్మలను తెచ్చి ఇస్తోంది. దానివల్ల చదివేవారి చోటు బయటపడదు గాని, తెరిచిన సంగతి ఇంకా తెలియవచ్చు. మీరు ముచ్చటపడి పెట్టుకున్న చిహ్నం అవతలివారికి ఖాళీ గడిగా కనిపించడానికి కారణం ఇదే.

అతికించినది సంతకమేనా?

ఇక కోనాయి అరచేతి దగ్గరకు తిరిగి వద్దాం. ఆ ముద్రను మరొకడు వేయలేడు. ఈమెయిలు అడుగున ఉన్న బొమ్మను ఎవడైనా నకలు తీసి తన ఉత్తరం కింద అతికించుకోవచ్చు. అసలుకూ నకలుకూ మధ్య ఒక్క బిట్టు కూడా తేడా ఉండదు. చేత్తో చేసిన సంతకాన్ని ఫొటో తీసి పెట్టుకోవడం హుందాగా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం అది ఇంటి తాళంచెవి అచ్చును వీధి తలుపుకు తగిలించినట్టే.

రైల్వే కొలువు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే కుర్రవాళ్ళున్న ఊళ్ళో ఈ మాట తేలికగా తీసుకోదగ్గది కాదు. రైల్వే చిహ్నం, నాలుగు సింహాల ముద్ర, ‘అధికారి’ సంతకం బొమ్మ, అన్నీ అడుగున పెట్టి నియామకపు ఉత్తరాలు పంపి డబ్బు గుంజే మోసాలు దేశమంతటా జరిగాయి. దళారులను నమ్మవద్దని రైల్వే రిక్రూట్‌మెంటు బోర్డులు పదేపదే ప్రకటనలిచ్చాయి. జాతీయ చిహ్నాన్ని ఇష్టం వచ్చినట్టు వాడకుండా 2005లో చట్టమే వచ్చింది. అయినా కుర్రవాడి చూపు ముందు పడేది సింహాల మీదనే. 1982 నాటి నియమాల్లో పంపినవారి పేరు నిజమా అని పరీక్షించే ఏర్పాటు లేదు. ఉత్తరం ఫలానా సంస్థ సర్వరు నుంచే వచ్చిందని గుప్తలిపితో ధ్రువీకరించే పద్ధతి 2007 నుంచి ప్రమాణమైంది. కనుక అడుగున ఉన్న బొమ్మను కాక, పైన ఉన్న చిరునామాలో ‘ఎట్‌’ గుర్తు తరువాతి భాగాన్ని అక్షరం అక్షరం చదవాలి.

మన సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. అది గుర్తించే డిజిటల్‌ సంతకానికీ బొమ్మకూ సంబంధం లేదు. ఉత్తరం మొత్తాన్ని గణితపు జల్లెడ పట్టి ఒక చిన్న సంఖ్యగా కుదిస్తారు. పంపేవారు తమ దగ్గర మాత్రమే ఉండే రహస్య సంఖ్యతో దాన్ని మార్చి ఉత్తరానికి జతచేస్తారు. అందరికీ తెలిసిన జంట సంఖ్యతో ఎవరైనా దాన్ని సరిచూడవచ్చు. ఉత్తరంలో ఒక్క కామా మార్చినా లెక్క తప్పుతుంది. 1976, 1977 ప్రాంతాల్లో పుట్టిన ఈ గణితంలో ప్రతి ఉత్తరానికీ సంతకం వేరు. ఒకదాని నుంచి ఊడదీసి మరొకదానికి అంటించడం కుదరదు. చూడ్డానికి మాత్రం అందులో ఏమీ ఉండదు, అర్థంకాని అంకెల బారు తప్ప.

హుగ్లీలో హెర్షెల్‌ పెన్షనుదార్ల చేత వేలు పెట్టించిన 137 ఏళ్ళకు, 2014 నవంబరు 10న, కేంద్ర ప్రభుత్వం ‘జీవన్‌ ప్రమాణ్‌’ పథకం తెచ్చింది. రిటైరైన ఉద్యోగి తాను బతికే ఉన్నానని ఏటా బ్యాంకుకు వెళ్ళి చెప్పుకోనక్కరలేదు. యంత్రం మీద వేలు పెడితే ఆధార్‌తో సరిచూసి ధ్రువపత్రం తయారవుతుంది. చిక్కేమిటంటే, ఏళ్ళ తరబడి ఇనుమూ నూనే పట్టిన చేతులకు వేలి కొసల గీతలు అరిగిపోయి ఉంటాయి, వయసు మీదపడ్డాక చర్మం కూడా పలచబడుతుంది. యంత్రం ఒక్కోసారి ఎన్నిసార్లు నొక్కినా ఒప్పుకోదు. అలాంటివారి కోసం 2021 నవంబరులో ముఖాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది. ఫోను ఎదుట కూర్చుని రెప్ప ఆర్పితే చాలు. వచ్చినది నిజమైన మనిషే గాని, ఫోను ముందు పెట్టిన ఫొటో కాదని యంత్రం తెలుసుకునేది ఆ రెప్పపాటుతోనే.